మనోవర్తి ఆర్డర్ అమలు: పెండింగ్‌లో ఉన్న పిటిషన్‌లోనే కొత్త బకాయిలు అడగవచ్చా, ఏడాది దాటిన నెలల సంగతేమిటి?

తెనాలి వాసి

అందరికీ నమస్కారం. కోర్టు ఆర్డర్ చేతిలో ఉన్నా డబ్బు అందని పరిస్థితి నాది. తెలిసినవారు దారి చూపుతారని వివరంగా రాస్తున్నాను.

2021లో నా పేరున, మా పాప పేరున మా జిల్లా ఫ్యామిలీ కోర్టులో నా భర్త మీద మనోవర్తి కేసు వేశాను. 2023 మార్చిలో ఆర్డర్ వచ్చింది. నాకు నెలకు 8,000, పాపకు 6,000, మొత్తం 14,000 రూపాయలు ప్రతి నెలా 10వ తేదీలోగా నా బ్యాంకు ఖాతాలో జమ చేయాలని అందులో ఉంది. కేసు వేసిన నాటి నుంచి ఉన్న పాత మొత్తాన్ని ఆయన రెండు విడతల్లో కట్టారు. ఆ తర్వాత తొమ్మిది నెలలు సక్రమంగానే వేశారు. పాస్‌బుక్‌లో 2023 డిసెంబర్ 9న పడిన జమ తర్వాత ఆయన పేరు మళ్ళీ కనబడలేదు.

2024 అక్టోబర్ మొదటి వారంలో, జనవరి నుంచి సెప్టెంబర్ వరకు తొమ్మిది నెలల బకాయి 1,26,000 రూపాయల కోసం అమలు పిటిషన్ వేయించాను. ఆయన హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటారు కనుక వారెంటు అక్కడి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, రెండుసార్లు అమలు కాకుండానే తిరిగి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఒక వాయిదాకు ఆయనే వచ్చి, 30,000 రూపాయలు నగదుగా ఇచ్చి, నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, మిగిలినది రెండు నెలల్లో కడతానని చెప్పి వారెంటు రద్దు చేయించుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ రావడం మానేశారు. మళ్ళీ వారెంటు వెళ్ళింది, మళ్ళీ తిరిగొచ్చింది. పాత బకాయిలో 96,000, అక్టోబర్ 2024 నుంచి ఈ అక్టోబర్ వరకు పదమూడు నెలలకు 1,82,000, వెరసి 2,78,000 రూపాయలు రావాలి.

మొన్న కోర్టు వరండాలో నా పక్కన కూర్చున్న ఒకావిడ, ఏడాది దాటిన నెలల డబ్బు ఇక రాదని, తనకు అలాగే పోయిందని చెప్పారు. ఆ పదమూడు నెలలకు నేను ఇంతవరకు ఏ పిటిషనూ వేయలేదు. పాత పిటిషన్ నడుస్తోంది కదా, అందులోనే అన్నీ కలుస్తాయని అనుకున్నాను. మా న్యాయవాదికి నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నా దొరకడం లేదు. ఈ రోజు 2025 నవంబర్ 3. నిజంగానే నా డబ్బు పోతుందా?

ఇంకా రెండు సంగతులు ఉన్నాయి. హైకోర్టులో రివిజన్ (ఆర్డర్‌ను మళ్ళీ పరిశీలించమనే పిటిషన్) వేశానని, అది తేలేదాకా పైసా కట్టనవసరం లేదని ఆయన మధ్యవర్తులతో చెబుతున్నారు. ఉద్యోగం పోయిందని కూడా అంటున్నారు గానీ, మాదాపూర్‌లో వేరే కంపెనీకి రోజూ వెళ్తున్నారని తెలిసినవారు చెప్పారు. నందిగామ దగ్గర ఆయన సొంత పేరున 150 గజాల స్థలం ఉంది. జైలుకు పంపిస్తే బాకీ మాఫీ అయిపోతుంది, తొందరపడవద్దని మా బాబాయి అంటున్నారు. ఇందులో ఏది నిజమో చెప్పగలరు.

బెజవాడ న్యాయవాది

అమ్మా, ముందు తేదీ సంగతి చెబుతాను. మిగిలినవన్నీ వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

మనోవర్తి ఆర్డర్ అమలుకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 125(3) ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, అందులో ఇదే నిబంధన సెక్షన్ 144(3)గా ఉంది. ఏ నెల సొమ్ము ఏ తేదీన చెల్లించాల్సి ఉందో ఆ తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేస్తేనే వారెంటు ఇవ్వాలన్నది అందులోని షరతు. మీ మొదటి పిటిషన్ 2024 అక్టోబర్‌లో పడింది కనుక ఆ తొమ్మిది నెలలకు ఏ ప్రమాదమూ లేదు. తర్వాతి పదమూడు నెలల్లో అక్టోబర్ 2024 సొమ్ముకు ఇప్పటికే ఏడాది దాటింది. నవంబర్ 2024 సొమ్ముకు ఈ నెల 10వ తేదీతో దాటుతుంది.

అయితే వరండాలో ఆవిడ చెప్పినంత భయపడనక్కరలేదు. కర్ణాటక నుంచి వెళ్ళిన శాంత వర్సెస్ శివనంజప్ప కేసులో సుప్రీంకోర్టు 2005లో సరిగ్గా మీలాంటి సమస్య మీదే తీర్పు ఇచ్చింది. మొదటి దరఖాస్తు గడువులోపు వేసి అది పెండింగ్‌లో ఉండగా తర్వాతి నెలల సొమ్ము కూడా బాకీ పడితే, మనోవర్తి చెల్లించడం కొనసాగుతూ ఉండే బాధ్యత కనుక, ప్రతిసారీ కొత్త దరఖాస్తు వేయలేదన్న కారణంతో ఆ బకాయిలను కాదనకూడదని చెప్పింది. తమిళనాడు నుంచి వెళ్ళిన పూంగోడి వర్సెస్ తంగవేల్ కేసులో 2013లో మరో మాట కూడా స్పష్టం చేసింది. ఏడాది షరతు వారెంటు అనే ఆ ఒక్క పద్ధతికే అడ్డు తప్ప భార్యాబిడ్డలకు ఆర్డర్ వల్ల వచ్చిన హక్కును అది తుడిచివేయదు, మామూలు సివిల్ మార్గం తెరిచే ఉంటుంది.

ఇన్ని తీర్పులు మీ పక్షాన ఉన్నా, మీ స్థానంలో నేనుంటే వాటి మీద భారం వేసి కూర్చోను. ఈ నెల 10లోగా రెండు పనులు చేయిస్తాను. పెండింగ్‌లో ఉన్న పిటిషన్‌లోనే పదమూడు నెలల బకాయిని కలుపుకోవాలని ఒక దరఖాస్తు వేయడం మొదటిది. నవంబర్ 2024 నుంచి అక్టోబర్ 2025 వరకు పన్నెండు నెలల 1,68,000 రూపాయలకు విడిగా కొత్త అమలు పిటిషన్ కూడా వేసి, మొదటి దరఖాస్తును అనుమతిస్తే ఇదే సొమ్మును రెండుసార్లు అడగబోమని అందులో స్పష్టంగా రాయడం రెండోది. అప్పుడు న్యాయమూర్తి ఏ వైపు మొగ్గినా, వివాదంలో పడేది అక్టోబర్ 2024 నాటి 14,000 రూపాయలు మాత్రమే. దానికి శాంత తీర్పు నకలు జతచేయండి. మీ ఆర్డర్ పాత చట్టం కింద వచ్చింది కనుక పిటిషన్ పైభాగంలో పాత సెక్షన్, కొత్త సెక్షన్ రెండూ రాయించండి. ఆఫీసు వారు ఆ సాకుతో కాగితాలు తిప్పి పంపకుండా ఉంటారు.

ఇక వారెంటు. మీకు వచ్చినది ఏ వారెంటో మీరు రాయలేదు. చట్టం చెప్పే వరుస ముందు సొమ్ము వసూలుకు వారెంటు, అది అమలు చేశాక కూడా మిగిలిపోయిన సొమ్ముకు జైలు. చాలామంది ఆవేశంలో నేరుగా నాన్ బెయిలబుల్ వారెంటు అడుగుతారు, కోర్టు ఇస్తుంది కూడా. అవతలి వ్యక్తి హైకోర్టుకు వెళ్ళి, జప్తుకు ప్రయత్నించకుండానే అరెస్టుకు పంపారని చెప్పి దాన్ని కొట్టివేయించుకుంటాడు, మీకు ఆరు నెలలు పోతాయి. అందుకే మొదట జప్తు వారెంటు అడగండి. నందిగామ స్థలం అక్కడే పనికొస్తుంది. జరిమానా వసూలుకు ఉన్న పద్ధతినే చట్టం మనోవర్తి బకాయికీ వర్తింపజేసింది. ఆ పద్ధతిలో చరాస్తుల జప్తు ఒక మార్గమైతే, భూమి శిస్తు బకాయి మాదిరిగా చర, స్థిరాస్తుల నుంచి వసూలు చేయమని కలెక్టర్‌కు వారెంటు పంపడం రెండో మార్గం. ఆ స్థలానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీసి, సర్వే నంబరు, హద్దులతో సహా పిటిషన్ షెడ్యూల్‌లో పెట్టించండి. స్థలం ఉందని నోటిమాటగా చెబితే ఏ కోర్టూ ఏమీ చేయలేదు.

జీతం విషయంలో సుప్రీంకోర్టు 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో, మనోవర్తి ఆర్డర్‌ను సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగా కూడా అమలు చేయవచ్చని చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం మామూలు అప్పులకు జీతంలో జప్తు చేయగలిగేది చాలా తక్కువ. మనోవర్తి డిక్రీకి మాత్రం జీతంలో మూడో వంతుకే రక్షణ ఉంటుంది, మిగిలిన రెండు వంతులు జప్తుకు వస్తాయి. ప్రైవేటు కంపెనీ అయినా, జీతం నుంచి మినహాయించి కోర్టుకు జమ చేయమని యాజమాన్యానికి ఉత్తర్వు పంపే వీలుంది. అదే 2020 తీర్పు వల్ల, మీ ప్రధాన కేసులో ఆయన ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేసి ఉండాలి. దాని సర్టిఫైడ్ కాపీకి ఈ రోజే అప్లికేషన్ పెట్టండి. బ్యాంకు ఖాతాలు, పాన్ నంబరు, స్థలం వివరాలు ఆయన ప్రమాణం చేసి ఇచ్చినవే అందులో ఉంటాయి. కొత్త కంపెనీ పేరు, చిరునామా మాత్రం మీరు సంపాదించాలి.

రివిజన్ వేయడం వేరు, స్టే రావడం వేరు. హైకోర్టు స్టే ఇవ్వనంతవరకు కింది కోర్టు ఆర్డర్ పూర్తిగా బతికే ఉంటుంది. మీది ఆంధ్రప్రదేశ్ కోర్టు ఆర్డర్ కనుక రివిజన్ ఉంటే అమరావతిలోని మన హైకోర్టులో ఉండాలి. హైకోర్టు వెబ్‌సైట్‌లో ఆయన పేరు, మీ పేరు కొట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. స్టే ఉంటే దాని నకలు ఇప్పటికే మీ కోర్టు ఫైలులో ఉండేది. ఇన్ని వారెంట్లు వెళ్ళాయంటే ఉండకపోవచ్చు.

మీ బాబాయి గారి మాట తప్పు. జైలు అనేది కట్టించడానికి వాడే ఒత్తిడి తప్ప బాకీకి చెల్లు కాదు. కుల్‌దీప్ కౌర్ కేసులో 1980ల చివర్లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. నెల రోజులు జైల్లో ఉండి వచ్చినా పైసా తగ్గదు, మళ్ళీ కట్టకపోతే మళ్ళీ దరఖాస్తు చేయవచ్చని 1999లో షహదా ఖాతూన్ కేసులో కూడా చెప్పింది. అయితే తగిన కారణం లేకుండా ఎగ్గొట్టాడని కోర్టు నమ్మాలి. ఉద్యోగం పోయిందన్న ఆయన మాటకు జవాబుగా మీ దగ్గర ఏదో ఒక ఆధారం సిద్ధంగా ఉండాలి.

పాత కోర్టు ఉద్యోగి

పైన వకీలు గారు చట్టం చక్కగా చెప్పారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా కోర్టు ఆఫీసుల్లో పనిచేసి రిటైర్ అయినవాడిని, వారెంట్లు ఎందుకు తిరిగి వస్తాయో నాకు తెలిసినంతవరకు చెబుతాను తల్లీ.

వారెంటు వెనుక స్టేషన్ వారు రాసి పంపే ఒకటి రెండు పంక్తులు ఎవరూ చదవరు. మీరు చదవండి. కేసు ఫైలు తనిఖీకి అప్లికేషన్ పెట్టుకుంటే కక్షిదారుగా చూసే హక్కు మీకు ఉంది. ‘ఇంటికి తాళం వేసి ఉంది’ అని ఉంటే వారు పగటిపూట వెళ్ళారని అర్థం, రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళమని కోరవచ్చు. ‘ఈ చిరునామాలో అటువంటి వ్యక్తి లేరు’ అని ఉంటే ఆయన ఇల్లు మారారు, లేదా ఫ్లాటు నంబరు తప్పు రాశారు. నేను చూసిన వాటిలో అపార్ట్‌మెంటు పేరు ఉండి ఫ్లాటు నంబరు లేని వారెంట్లు లెక్కలేనన్ని. వాచ్‌మన్ తెలియదంటే కానిస్టేబులు అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాడు. ‘సమయం చాలలేదు’ అని ఉంటే వారెంటు స్టేషన్‌కు చేరేసరికే వాయిదా దగ్గరపడిందని, అంటే ఆలస్యం మన వైపే జరిగిందని తెలుసుకోండి. ఈ మూడిటికీ మందు వేరువేరు. వెనుక ఏముందో చూడకుండా మళ్ళీ అదే చిరునామాతో అదే వారెంటు పంపించుకుంటే మళ్ళీ అదే కాగితం తిరిగి వస్తుంది.

కొత్త దరఖాస్తులో ఆయన ఇంటి చిరునామాతో పాటు ఆఫీసు చిరునామా కూడా ఇవ్వండి. కూకట్‌పల్లి ఒక స్టేషన్, మాదాపూర్ ఇంకొక స్టేషన్, కనుక రెండు వారెంట్లు అడగాలి. ఆయన ఫొటో ఒకటి, ఫోన్ నంబరు, బండి నంబరు తెలిస్తే అదీ ఒక కాగితం మీద రాసి వారెంటుకు జతచేయమని మెమో వేయండి. వేరే రాష్ట్రం కనుక నేరుగా స్టేషన్‌కు కాకుండా పోలీస్ కమిషనర్ ద్వారా పంపమని అడగండి. పైనుంచి వచ్చిన కాగితానికి స్టేషన్‌లో జవాబు రాసి తీరాలి. చట్టంలో ఇంకొక వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు. మనోవర్తి ఆర్డర్‌ను అది ఇచ్చిన కోర్టులోనే అమలు చేయించుకోవాలని లేదు. ఆయన ఎక్కడ ఉంటే అక్కడి కోర్టు కూడా, కక్షిదారులు వీరేనని, సొమ్ము చెల్లించలేదని తృప్తి చెందితే అమలు చేయవచ్చు. పాత కోడ్‌లో సెక్షన్ 128, కొత్త సంహితలో సెక్షన్ 147. ఆ పని మీద వెళ్ళేవారికి ఆర్డర్ నకలు ఉచితంగా ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది, కాపీకి డబ్బు కట్టమంటే ఆ మాట చెప్పండి. అయితే పాపను బడికి పంపుతూ తెనాలి నుంచి ప్రతి వాయిదాకు హైదరాబాద్ వెళ్ళడం మీకు కష్టం. ఇక్కడి మార్గాలన్నీ చూశాకే దాని గురించి ఆలోచించండి.

తేదీ విషయంలో ఒక మాట. 10వ తేదీ సోమవారం. దానికి ముందు 8 రెండో శనివారం, 9 ఆదివారం. ఐదున కార్తీక పౌర్ణమి, ఆ రోజు ఫైలింగ్ కౌంటర్ ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. అంటే మీ చేతిలో నికరంగా మూడు నాలుగు రోజులే ఉన్నాయి. మీ వకీలు దొరకకపోతే ఆయన గుమస్తాను పట్టుకోండి, ఫైలు ఎక్కడుందో తెలిసేది గుమస్తాకే. అదీ కుదరకపోతే ఆయన దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని వేరొకరికి వకాల్తా ఇవ్వండి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. ఫోన్‌లో అయితే 15100. పిటిషన్ ఇచ్చిన రోజు దాని నకలు మీద కోర్టు తేదీ ముద్ర వేయించుకోకుండా ఇంటికి రావద్దు. రేపు గడువు మీద వివాదం వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ ముద్రే.

కరీంనగర్ అక్క

చెల్లీ, నేను ఈ దారిలో నాలుగేళ్ళు నడిచాను. చట్టం సంగతి పెద్దలు చెప్పారు. నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని రాస్తున్నాను.

ఏప్రిల్‌లో నీ చేత సంతకం పెట్టించుకున్న కాగితంలో ఏముంది? నువ్వు రాసినదంతా చదివాక నా కన్ను ఆ ఒక్క మాట మీదే ఆగింది. నా దగ్గర కూడా అలాగే 20,000 చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద నాలుగు పంక్తులు రాసి సంతకం చేయమన్నారు. కోర్టు బయట, మెట్ల దగ్గర, మా బాబును చంకనేసుకుని, పెన్ను మూత నోటితో తీసి సంతకం చేశాను. ‘ఇప్పటివరకు ఉన్న బకాయి మొత్తం ముట్టింది’ అని అందులో ఉన్న సంగతి తర్వాతి వాయిదాలో వాళ్ళ వకీలు చదివి వినిపిస్తే తెలిసింది. లక్షా పదివేల బాకీ ఇరవైవేలకు తీరిపోయినట్టు అయింది. అది మోసపు కాగితమని, అంత డబ్బు నా ఖాతాలో ఎప్పుడూ పడలేదని నిరూపించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. కనుక ముందు ఆ రోజు కోర్టు డైరీలో ఏమి రాశారో, ఆ కాగితం ఫైలులో ఉందో లేదో చూడు. ‘30,000 రూపాయలు పాత బకాయి కింద ముట్టాయి, మిగిలినది 96,000’ అని నీ తరఫున ఒక మెమో ఇప్పుడైనా వేయించు. ఇకమీదట ఒక్క రూపాయి కూడా నగదుగా తీసుకోవద్దు. నీ ఆర్డర్‌లోనే బ్యాంకులో జమ చేయాలని ఉంది కదా, ఆ మాటే చెప్పు.

నేను ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఎడమ పేజీలో నెల, రావలసిన తేదీ, రావలసిన సొమ్ము. కుడి పేజీలో వచ్చిన తేదీ, వచ్చిన సొమ్ము, పాస్‌బుక్‌లో ఏ పేజీలో ఉందో. కుడి పేజీ చాలా నెలలు ఖాళీగానే ఉండేది. ఆ ఖాళీ పేజీ జిరాక్సు చూసే మా న్యాయమూర్తి గారు అవతలి వకీలును నేరుగా ప్రశ్నించారు. నీ లెక్క కూడా నెలవారీగా పట్టికలాగా రాసి పిటిషన్‌తో ఇవ్వు, నీ డబ్బు ఎంతో నీ నోటితో నువ్వు చెప్పగలగాలి.

రాజీ సంగతి కూడా చెబుతాను. వారెంటు నిజంగా అంటుకున్న రోజున అవతలివారు రాజీకి వస్తారు. రాజీ తప్పని నేను అనను, నాది చివరికి లోక్ అదాలత్‌లోనే తేలింది. కానీ నీ భాగం గురించి నువ్వు ఏమి ఒప్పుకున్నా, పాప 6,000 పాపది. దాన్ని నీ రాజీలో కలిపి ఒకే మొత్తంగా రాయనివ్వకు. వాళ్ళు ఇస్తామన్న సొమ్ము బ్యాంకులో పడిన తర్వాతే కేసు మూసేలా రాయించు.

తెనాలి వాసి

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అక్కా, మీ మాట చదివి నిన్ననే కోర్టుకు వెళ్ళి ఫైలు చూశాను. ఆ కాగితం ఫైలులో ఉంది. దేవుడి దయవల్ల ‘బకాయిలో కొంత భాగంగా 30,000’ అని మాత్రమే ఉంది. మూడు వారెంట్ల వెనుక కూడా చూశాను. రెండిటి మీద తాళం వేసి ఉందని, ఒకదాని మీద సమయం చాలలేదని రాశారు. పాత ఉద్యోగి గారు చెప్పినట్టే ఫ్లాటు నంబరు మూడింటిలోనూ లేదు. ఇన్నాళ్ళూ నేను ఆయన తప్పించుకుంటున్నారనే అనుకున్నాను, మా పిటిషన్‌లోనే నంబరు రాయలేదని తెలిసి చాలా బాధపడ్డాను.

న్యాయవాది గారిని ఇంకొక సంగతి అడగాలి. ఈ జూన్ నుంచి నేను ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను, నెలకు 9,000 ఇస్తున్నారు. ఈ సంగతి తెలిసి, ఇక నీకు మనోవర్తి లేదని, పాపను చూపించడం లేదు కనుక పాపకు కూడా ఇవ్వనని ఆయన తమ్ముడి చేత చెప్పించారు. నిజానికి పాపను చూస్తానని ఆయన ఏనాడూ అడగలేదు. కొత్త పిటిషన్‌లో నా ఉద్యోగం గురించి రాయాలా, దాచాలా?

బెజవాడ న్యాయవాది

దాచవద్దు. అమలు పిటిషన్‌లో మీరు రుజువు చేయాల్సింది ఆర్డర్ ఉంది, సొమ్ము రాలేదు అన్న రెండు విషయాలే కనుక మీ ఉద్యోగం సంగతి మీరుగా ఎత్తనక్కరలేదు. అయితే ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక్క అబద్ధం దొరికితే మిగిలిన నిజాలన్నిటి మీదా మచ్చ పడుతుంది.

పరిస్థితులు మారాయని ఆయన అనుకుంటే, సొమ్ము తగ్గించమని కోర్టును అడిగే హక్కు ఆయనకు ఉంది. పాత సెక్షన్ 127, కొత్త సెక్షన్ 146 అందుకే ఉన్నాయి. కోర్టు మార్చేదాకా పాత ఆర్డరే చెల్లుతుంది. తానే న్యాయమూర్తి అయిపోయి జూన్ నుంచి రద్దు అని తీర్మానించుకునే అధికారం ఏ భర్తకూ లేదు. పైగా ఆయన ఆపేసింది 2024 జనవరిలో, మీరు ఉద్యోగంలో చేరింది 2025 జూన్‌లో. మధ్యలోని పదిహేడు నెలలకు ఈ సాకు కూడా లేదు, ఆ వాక్యం మీ జవాబులో (కౌంటర్‌లో) తప్పకుండా ఉండాలి. మీరు సంపాదిస్తున్నంత మాత్రాన మనోవర్తి దానంతట అదే పోదని కూడా రజనీష్ తీర్పులోనే ఉంది.

పాపను చూడడం అనేది వేరే విషయం. ఆయన అడగదలిస్తే గార్డియన్ చట్టం కింద అదే ఫ్యామిలీ కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు, మీరు అడ్డు చెప్పబోరని నేను నమ్ముతున్నాను. చూపించలేదని తిండికి డబ్బు ఆపడానికి వీల్లేదు, డబ్బు ఇవ్వలేదని చూపించకుండా ఉండడానికీ వీల్లేదు. ఆయన తమ్ముడితో ఫోన్‌లో వాదించకండి. ఏదైనా ఉంటే కోర్టులో రాతపూర్వకంగా చెప్పమనండి.

తెనాలి వాసి

ఈ రోజు, నవంబర్ 7న, రెండూ దాఖలు చేశాము. మా న్యాయవాది గుమస్తా దొరికాడు, ఆయన ద్వారా న్యాయవాది గారు కూడా మాట్లాడారు. ఊరిలో పెద్దాయన పోవడం వల్ల ఫోన్ తీయలేదట. పదమూడు నెలల లెక్క నేనే పట్టికగా రాసి ఇచ్చాను. నందిగామ స్థలం ఈసీ వచ్చింది, ఇంకా ఆయన పేరునే ఉంది. అఫిడవిట్ నకలుకు అప్లికేషన్ పెట్టాను. హైకోర్టు వెబ్‌సైట్‌లో ఎన్ని విధాలుగా వెతికినా మా పేర్లతో ఏ రివిజనూ కనబడలేదు. తేదీ ముద్ర వేసిన నకలు ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది.

పాత కోర్టు ఉద్యోగి

మంచి పని చేశారు తల్లీ. కాగితాల్లో ఏదైనా లోపం ఉందని ఆఫీసు వారు తిప్పి ఇస్తే, వారు ఇచ్చిన గడువులోగా సరిచేసి మళ్ళీ పెట్టించండి, అక్కడ ఆలస్యమైతే ఈ ముద్ర కష్టం వృథా అవుతుంది. పిటిషన్‌కు నెంబరు పడగానే రాసుకోండి. వారెంటు ఆర్డర్ అయింది కదా అని వదిలేయకుండా, రెండు మూడు రోజుల తర్వాత కోర్టుకు వెళ్ళి, అది ఏ తేదీన, ఏ డిస్పాచ్ నంబరుతో కమిషనర్ కార్యాలయానికి వెళ్ళిందో అడిగి తెలుసుకోండి. ఆ నంబరు ఉంటే కమిషనర్ కార్యాలయానికి ఫోన్ చేసి అడగవచ్చు, అది లేకపోతే ఎవరూ జవాబు చెప్పరు. ఈసారి ఫ్లాటు నంబరు మీరే మీ కళ్ళతో చూసి పంపించండి.